ఐదు సంచికల ఆయుష్షు

మన ఉద్యోగుల పిల్లలు పంపే రచనలలో అతీతశక్తులు గల బాలవీరుల గాథలకు కొదవ లేదు. "చదువు మాని ఇదేమి పిచ్చి?" అని వాపోయే తల్లిదండ్రులూ లేకపోలేదు. వారి నిమిత్తం ఒక పాత వృత్తాంతాన్ని మనవి చేయదలచాము.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో, గ్లెన్‌విల్ ఉన్నత పాఠశాలలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే సహాధ్యాయులు ఉండేవారు. ఒకరిది కలం, మరొకరిది కుంచె. 1932లో వారు వైజ్ఞానిక కల్పనా కథలతో ఒక చిన్న సైక్లోస్టైల్ పత్రికను ప్రారంభించారు. ఐదు సంచికలతోనే దాని ఆయుష్షు తీరింది.

అయితే 1933 జనవరి నాటి మూడవ సంచికలోని ఒక కథలో 'సూపర్‌మ్యాన్' అనే పేరు ఉన్నది. నాటి సూపర్‌మ్యాన్ వీరుడు కాడు. ఆర్థిక మాంద్యపు రోజులలో ఉచిత రొట్టె కోసం వరుసలో నిలిచిన నిరుపేద. ఒక శాస్త్రవేత్త ప్రయోగం వల్ల పరుల మనసులు చదివే శక్తి పొంది, లోకాన్నే ఏలబోయి, శక్తి నశించి, చివరకు ఆ వరుసలోకే తిరిగి చేరతాడు.

పత్రిక పోయినా పేరు మిగిలింది. దుష్టుణ్ణి ఆపన్నరక్షకునిగా మలచుకొని మిత్రులిద్దరూ ఏళ్ల తరబడి ప్రచురణకర్తల గడపలు ఎక్కి దిగారు. తుదకు 1938లో 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో అతడు దర్శనమిచ్చాడు. రచయితలకు ముట్టినది 130 డాలర్లు. ఆ సొమ్ముతో సర్వహక్కులూ ప్రచురణకర్త పరమయ్యాయి. వ్యాజ్యాలు నడిపినా సూపర్‌మ్యాన్ మాత్రం వారి చేతికి తిరిగి రాలేదు. 1975లో, ఇద్దరికీ అరవై దాటిన పిదప, ఏటా చెరి 20,000 డాలర్ల భృతి ఇచ్చేందుకు, సృష్టికర్తలుగా వారి పేర్లు వేసేందుకు వార్నర్ సంస్థ అంగీకరించింది. 2024లో ఆ తొలి సంచిక ప్రతి ఒక్కటే వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది!

కనుక, పిల్లల పత్రిక ఐదు సంచికలకే ఆగిపోయినా శ్రమ వ్యర్థమని తలచరాదు. వారికి కాగితాలు కొనిపెడదాము. దానితోపాటు, సంతకం చేయబోయే కాగితాన్ని ఆసాంతం చదవడమూ నేర్పుదాము. నిత్యం టెండర్లు, ఒప్పందాల నడుమ పనిచేసే మనకు ఆ విద్య కొత్త కాదు గదా!