నోటి కౌలు ఎవరికి లాభము?



మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో సాగరు ఎడమ కాలువ క్రింద గాని, సూర్యాపేట వైపు చెరువుల క్రింద, బావుల క్రింద గాని కౌలు మాట్లాడుకొను తీరు మీ రెరిగినదే. ఉగాది వెళ్లగానే ఇద్దరు కూర్చొందురు. ఎకరమునకు ఇన్ని బస్తాలని అనుకొందురు. నడుమ ఒక పెద్దమనిషి ఉండును. మాట పూర్తియగును, కాగితము మాత్రము పుట్టదు. "మనలో మనకు కాగిత మెందుకు?" అని పట్టాదారు అనును. కౌలుదారు మారు పలుకడు. పలికిన పొలము మరియొకరికి పోవునని అతని భయము.

ఈ నోటి కౌలు వలన నష్టపడువాడు కౌలుదారు ఒక్కడే యని మనము తలంతుము. లెక్క వేసి చూచిన పట్టాదారు కూడ నష్టపడుచున్నాడు. ఈ సంగతినే మీ ముందుంచుచున్నాను.

కాగిత మనిన భయము ఊరక పుట్టలేదు. దేశముఖుల వెట్టికి, బేదఖళ్లకు ఎదురు తిరిగి 1946 నుండి 1951 వరకు ఈ జిల్లా రైతులు పోరాడిరి. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చినది. ఏండ్ల తరబడి దున్నుచున్నవారికి "రక్షిత కౌలుదారు" అను పేరు, దానితోపాటు నిలకడ లభించెను. తరువాత పలువురు ఆ భూములకు యజమానులైరి. అది న్యాయమైన పని. కాని ఆనాటి నుండి పట్టాదారులు ఒక పాఠము నేర్చుకొనిరి: కౌలుదారు పేరు కాగితముపై ఎక్కిన భూమి చేజారును. కౌలుదారును కాపాడుటకు పుట్టిన చట్టపు భయమే నేటి కౌలుదారు పేరును వ్రాతకు రానీయకున్నది.

కనుక చట్టమును గూర్చి మనము రెండు ప్రశ్నలు వేయవలెను. అది న్యాయమా అనునది ఒకటి. దానిని చూచి మనుష్యులు ఏమి చేయుదురు అనునది రెండవది. 1960లో రోనాల్డ్ కోస్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఈ రెండవ ప్రశ్ననే ఒకరి పశువులు పొరుగువాని చేనిలో పడి మేసిన ఉదాహరణముతో విచారించెను. హక్కు ఎవరిదో స్పష్టముగా నుండి, ఒప్పందము సులువుగా కుదిరిన, ఇరువురును తమకు మేలైన దారిని తామే వెదకికొందురనియు, ఒప్పందము కష్టమైనచోట చట్టపు తీరును బట్టియే లాభనష్టములు మారుననియు ఆయన చూపెను. నోటి కౌలులో పట్టా స్పష్టమే. సాగు హక్కు మాత్రము గాలిలో నున్నది.

ఇప్పుడు మన లెక్క చూడుడు. పెట్టుబడికి 30,000 రూపాయలు కావలె ననుకొందము. సకాలమున చెల్లించు పంట ఋణమునకు బ్యాంకు వడ్డీ సాలుకు నూటికి 4 రూపాయలు. ఆలస్యమైనను 7 రూపాయలే అనుకొందము. ఆరు నెలలకు 1,050 రూపాయలగును. చేత కాగితము లేని కౌలుదారు వ్యాపారి వద్దకు పోవును. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున అదే సొమ్ముకు అదే గడువులో 3,600 రూపాయలగును. తేడా 2,550. ఇది కౌలుదారు జేబు నుండి మాత్రమే పోవునా? పోదు. మరుసటి యేడు కౌలు మాట్లాడునాడు అతడు తన ఖర్చంతయు లెక్కించియే బస్తాలు చెప్పును. వడ్డీకి పోయినది కౌలుకు రాదు.

భూమి సంగతి మరింత ముఖ్యము. 2015లో మిషన్ కాకతీయ క్రింద చెరువులు పూడిక తీసినపుడు ఒండ్రు మట్టిని పొలములకు తోలుకొన్నవారు మీలో నుందురు. ఉదాహరణకు, మట్టి తోలుటకు ఎకరమునకు 6,000 రూపాయలు ఖర్చై, నాలుగేండ్లపాటు ఏటా 2,500 రూపాయల అదనపు పంట వచ్చు ననుకొందము. నాలుగేండ్లుండువానికి 4,000 రూపాయలు మిగులును. ఒక్క యేడాదికే ఉండువాడు 3,500 రూపాయలు పోగొట్టుకొనును. ఇక అతడు మట్టి తోలునా, గట్టు వేయునా, పచ్చిరొట్ట దున్నునా? యూరియా చల్లి పంట కోసికొని పోవును. సారము తగ్గినది ఎవరి భూమిలో? పట్టాదారు భూమిలోనే.

ఆపద వచ్చినపుడు తేడా మరింత బాగుగా తెలియును. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారునకే చేరినది. అదే యేడు వచ్చిన రైతుబీమా 5 లక్షల రూపాయలును పాసు పుస్తకము కలవారి కుటుంబములకే. పరుల పొలమున ప్రాణము విడిచిన కౌలుదారు ఇంటికి అది చేరలేదు. 2024 సెప్టెంబరు మొదట కోదాడ ప్రాంతమును వరద ముంచెను. నడిగూడెము మండలమున ఎడమ కాలువకు గండి పడెను. అట్టి వేళ నష్టపు జాబితా వ్రాయుచున్నపుడు సాగు చేసినవాని చేత కాగితము లేనిచో అతని మాటకు సాక్ష్యమేది?

పట్టాదారు సోదరులు ఒక విషయము గ్రహింపవలెను. అన్యుల భూమిని యజమానికి ఎదురుగా పన్నెండేండ్లు అనుభవించి హక్కు కోరుట యొకటి; యజమాని అనుమతితో కౌలుకు దున్నుట వేరొకటి. కౌలు వ్రాత యున్న అది అనుమతి సాగేనని ఋజువగును. కాగితము మీ పట్టాను తినివేయునది కాదు; పెక్కు సందర్భములలో దానికి కంచె వంటిది. అయినను 1950 నాటి చట్టము కౌలు కాలమును, కౌలుదారును తొలగించు పద్ధతిని తానే నిర్ణయించినందున మీ సంకోచమునకు కొంత కారణము కలదని ఒప్పుకొనవలెను. అందుచేతనే ఆ భయమును చట్టమే తీర్చవలెను.

ఈ ప్రయత్నము జరుగకపోలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రము సాగుదారులకు ఋణ అర్హత కార్డుల నిచ్చుటకు చట్టము చేసినది. కార్డు గడువు ఒక్క యేడాది; భూమిపై హక్కు నిచ్చునది కాదు. కాని అదే భూమిపై పట్టాదారు ముందే అప్పు తీసికొని యున్నచో బ్యాంకులు వెనుదీసినవి. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరిన అవతలి రాష్ట్రము. అక్కడ 2019లో 11 నెలల ఒప్పందపు చట్టము వచ్చెను. దానికి పట్టాదారు సంతకము కావలెను, పలువురు చేయలేదు. పైగా 11 నెలలలో ఒండ్రు మట్టి ఖర్చు తిరిగి రాదు. పశ్చిమ బెంగాలులో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా కౌలుదారుల పేర్లు వ్రాయించి, వారికి నిలకడను, పంటలో నిర్ణీతమైన పాలును ఇచ్చెను. దాని వలన దిగుబడులు పెరిగినవని 2002లో ప్రకటించిన ఒక పరిశోధన తేల్చినది.

నా అభిప్రాయమిది. మూడు నుండి ఐదేండ్ల వ్రాత కౌలుకు చట్టము దారి తెరువవలెను. గడువు లోపల కౌలుదారును కదల్చరాదు. గడువు తీరిన వెంటనే భూమి మారుమాట లేక పట్టాదారునకు చేరవలెను. రెండును సమానముగా గట్టివై యుండవలెను. ఒకటే గట్టిదైన కాగితము మరల దాగిపోవును.

చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొని యుండనక్కర లేదు. మండల న్యాయ సేవా కమిటీని గాని, న్యాయవాదిని గాని ఒకమారు అడిగి, చట్టపు హద్దులలో ఒప్పందము వ్రాసికొనుడు. సర్వే నెంబరు, విస్తీర్ణము, గడువు, బస్తాలు వ్రాయుడు. కాలువకు నీరు రాని యేడు కౌలు ఎంత తగ్గించవలెనో, పంట ఋణము, నష్టపరిహారము ఎవరికి చెందునో, వెళ్లిపోవునాడు మట్టి ఖర్చులో ఎంత తిరిగి ఈయవలెనో స్పష్టము చేయుడు. ఇద్దరు సాక్షులతో రెండు ప్రతులు వ్రాసికొనుడు.

గ్రామాధికారులారా! పంట నమోదు చేయునపుడు పాసు పుస్తకమును మాత్రమే గాక, నాగలి పట్టినవానిని కూడ చూడుడు. పొలమున నిజముగా ఎవరు నిలిచియున్నారో గ్రామమున మీ కంటె బాగుగా ఎరిగినవారు లేరు.

నమ్మకమునకు కాగితము విరోధి కాదు. నమ్మకమున్న ఇరువురే నేడు కూర్చొని వ్రాసికొనగలరు. అది చెడిన పిమ్మట వ్రాయుటకు కచేరి తప్ప దారి యుండదు. వచ్చు ఉగాదికి కౌలు మాట్లాడునపుడు బస్తాల లెక్కతోపాటు ఒక తెల్ల కాగితమును కూడ ముందుంచుకొనుడు.