డబ్బులు మనవి, తాళం వాళ్ళది

రాజమండ్రి దగ్గరి మా కోరుకొండలో ఏ వీధికి వెళ్ళినా నాలుగిళ్ళకొకటైనా గోడకు మేకు కొట్టి తగిలించిన వైఫై డబ్బా కనబడుతుంది. పిల్లల పాఠాలు, ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడం, కువైట్‌లో ఉన్న తమ్ముడితో వీడియో కాల్... అన్నీ దాని గుండానే. డబ్బా కొన్నది మనం, కరెంటు బిల్లు కట్టేది మనం. లోపల ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో చెప్పేది మాత్రం వేరేవాడు. నా కోపమంతా అక్కడే.

బోరుకు మోటారు కొనుక్కున్నాక స్టార్టరు డబ్బా తాళం కంపెనీ తన దగ్గరే పెట్టుకుంటానంటే మన రైతు ఊరుకుంటాడా? రౌటర్ దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడతాం. కంపెనీ కొన్నాళ్ళు అప్‌డేట్లు ఇస్తుంది. తర్వాత కొత్త మోడల్ వస్తుంది, పాతదాన్ని గాలికొదిలేస్తుంది. డబ్బా బాగానే ఉంటుంది. దానికి పడ్డ చిల్లులే ఎవరూ పూడ్చరు. ఆ చిల్లుల్లోంచి దొంగలు దూరితే తప్పు మనదట!

ఇది ఊహ కాదు. 2017 జూలైలో కర్ణాటకలో బీఎస్‌ఎన్‌ఎల్ వినియోగదారుల మోడెమ్‌లు వేల సంఖ్యలో మూగబోయాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డే మార్చకుండా వదిలేసిన డబ్బాల్లోకి వైరస్ దూరింది. పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్, అంతే తాళం! అంతకుముందు ఏడాది మిరాయ్ అనే పురుగు ఇలాంటి పాస్‌వర్డ్‌లతోనే లోకమంతా పాకింది. పాస్‌వర్డ్ మార్చమని జనానికి నీతులు చెప్పారు సరే, అలాంటి డబ్బాను ఇంటింటికీ పంచినవాళ్ళను అడిగిందెవరు?

ఇంకో విడ్డూరం చూడండి. వీళ్ళు తాళం వేసి దాచుకునే సరుకులో చాలాభాగం వీళ్ళు రాసింది కాదు. చాలా రౌటర్లలో నడిచేది లినక్స్, అందరూ కలిసి రాసుకున్నది. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ అమ్మింది. లోపల లినక్స్ ఉందని కొందరు కుర్రాళ్ళు పసిగట్టి, లినక్స్‌కు ఉన్న జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్సు కోడ్ బయటపెట్టమని నిలదీశారు. అప్పటికి ఆ కంపెనీని సిస్కో కొనేసింది. 2003లో కోడ్ ఇవ్వక తప్పలేదు. దాని మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఇవాళ్టికీ వందల మోడళ్ళకు కొత్త వెర్షన్లు వస్తున్నాయి, పైసా తీసుకోకుండా. కంపెనీ చచ్చిందని చెప్పిన డబ్బా దీంతో లేచి కూర్చుంటుంది.

మన డబ్బాలో దాన్ని వేద్దామంటే "అమ్మో, చెడిపోతుందండీ" అని భయపెడతారు. మా కేబుల్ కుర్రాడూ అదే అన్నాడు: "మాస్టారూ, మీకెందుకండీ ఆ గొడవ, కొత్తది తెచ్చేస్తానండి." చెడిపోదని నేననను. కానీ ఎక్కడ చెడుతుందో తెలిస్తే భయం సగం పోతుంది. మొదట డబ్బా కింద అంటించిన చీటీ చూడాలి. మోడల్ పేరొక్కటే చాలదు, వెర్షన్ కావాలి. టీపీ-లింక్ 841ఎన్ అని ఒకటే పేరుతో ఎన్నో వెర్షన్లు అమ్మారు, లోపల సామాను వేరు వేరు. నాలుగు ఎంబీ ఫ్లాష్, ముప్ఫై రెండు ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07తోనే సరి, తర్వాతివి పట్టవు. రెండోది, కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద మొదటిసారి వేసే ఫైలు వేరు, తర్వాత అప్‌గ్రేడ్‌కు వాడేది వేరు. ఒకటి బదులు ఇంకొకటి వేసి నెత్తి కొట్టుకునేవాళ్ళే ఎక్కువ. దించుకున్న ఫైలు దారిలో చెడలేదని చూపే చెక్‌సమ్ సరిపోయిందో లేదో చూడాలి. వైఫై మీద కాదు, కేబుల్ తగిలించి చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బాను ఇన్వర్టర్ లైనుకు పెట్టండి. సగం రాసేటప్పటికి కరెంటు పోతే ఇక అంతే. మన కరెంటు సంగతి నేను చెప్పాలా?

వేసేశాక వైఫై కనబడకపోతే గుండె ఆగక్కర్లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మామూలుగా వైఫై ఆపేసి ఉంచుతుంది, మనమే ఆన్ చేసుకోవాలి. అసలు పాస్‌వర్డే ఉండదు, ముందు అది పెట్టుకోవాలి. తర్వాత నెట్ రాకపోతే చాలాసార్లు దోషం చిరునామాది. ఫైబర్ డబ్బా కూడా 192.168.1.1, మన రౌటరూ 192.168.1.1 అయితే రెండూ కొట్టుకుంటాయి. మన దాన్ని 192.168.10.1 చేస్తే గొడవ తీరిపోతుంది. సెట్టింగు తప్పి లోపలికే వెళ్ళలేకపోతే, కరెంటు పెట్టగానే దీపం గబగబా కొట్టుకునే సమయంలో బటన్ నొక్కితే ఫెయిల్‌సేఫ్ అనే అత్యవసర స్థితిలోకి వెళ్తుంది. అక్కడ ఫస్ట్‌బూట్ అని కొట్టి మళ్ళీ మొదలెట్టొచ్చు. అదీ కుదరకపోతే చాలా టీపీ-లింక్‌లలో రీసెట్ నొక్కిపట్టి కరెంటిస్తే టీఎఫ్‌టీపీ పద్ధతిలో మన కంప్యూటర్ నుంచి ఫైలు పట్టుకుంటుంది. చివరికి చాలా బోర్డుల మీద సీరియల్ పిన్నులుంటాయి, వాటితోనూ బాగుచెయ్యొచ్చు. ఇంత దారి ఉన్న చోట "చెడిపోతుంది" అని ఒక్క మాటతో తలుపు మూసేస్తారేమిటి?

రాజమండ్రి చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఏటా బయటికొచ్చే కంప్యూటర్ సైన్సు పిల్లల్లో ఎంతమంది ఒక్క రౌటర్ విప్పి చూశారు? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి ఈ సంగతులు తెలుగులో చెబుతూనే ఉంది. వినే కాలేజీలు తక్కువ.

అసలు అడ్డు పడేది నెట్ ఆపరేటర్. కనెక్షన్ లాగిన్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వరు. బ్రిడ్జ్ మోడ్, అంటే వాళ్ళ డబ్బా తీగను మాత్రం అందించి రౌటర్ పని మన డబ్బాకు వదిలెయ్యడం, అడిగితే ముఖం చిట్లిస్తారు. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి వినియోగదారుడికి నచ్చిన రౌటర్ పెట్టుకునే హక్కు చట్టంలో ఉంది, కంపెనీ లాగిన్ వివరాలు ఇచ్చి తీరాలి. అదే నెల అమెరికాలో ప్రభుత్వం టీపీ-లింక్‌కు రెండు లక్షల డాలర్ల జరిమానా వేసి, వేరే సాఫ్ట్‌వేర్ వేసుకునే వీలు గురించి చిప్ కంపెనీలతో కలిసి పనిచేస్తామని ఒప్పించింది. మనకు 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ పెట్టారు, బాగుంది. అందులో విడిభాగాల మాట ఉంది, తాళం మాట లేదు.

ఇక మన రాష్ట్రం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రభుత్వ నెట్‌వర్క్ ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది, నెలకు 149 రూపాయల నుంచి. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఊరూరికీ నెట్ తెచ్చారు. మంచి పని, కాదనను. అయితే అది ప్రజల సొమ్ము. ప్రజల సొమ్ముతో నడిచే నెట్‌వర్క్, మిగతా కంపెనీలకు మార్గం చూపాలి. బ్రిడ్జ్ మోడ్ అడిగినవాడికి ఇవ్వండి. లాగిన్ వివరాలు కనెక్షన్ ఇచ్చిన రోజే కాగితం మీద రాసివ్వండి. మీ డబ్బాలో ఏ లినక్స్ ఉందో, ఏ వెర్షనో, కోడ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. చివరిది మీ దయ కూడా కాదు, జీపీఎల్ లైసెన్సు పెట్టిన షరతు.

చదివేవారికి ఒక మాట. ఈసారి రౌటర్ కొనేముందు దాని మోడల్, వెర్షన్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టికలో వెతకండి. ఉంటేనే జేబులో చెయ్యి పెట్టండి, లేకపోతే ఆ డబ్బాను షాపులోనే వదిలెయ్యండి.