ఓర్పెవరు నేర్వవలెను?

అంగవైకల్యము గలవాడు ఒంటరితనముచే విసుగు చెందినప్పుడు మనము చెప్పు మాట యొక్కటే: ఓర్పు వహింపుము. కొందరు పూర్వజన్మకర్మ మందురు. అంతకంటె నాగరకులైనవారు మనోధైర్యమును గూర్చి యుపన్యసింతురు. ఈ రెండు మందులును ఒకే సీసాలోనివి. బాధపడువాని లోపలనే బాధకు కారణము కలదని రెండును చెప్పుచున్నవి. ఈ యుపదేశము తప్పనియు, కొండపల్లెలలో నది క్రూరమనియు నా యభిప్రాయము. అట్టివాని విసుగు మనోదౌర్బల్యము కాదు. తన చుట్టునున్న సంఘమును గూర్చి యాతడు చేయు న్యాయమైన విమర్శ. విమర్శకు ప్రత్యుత్తర మియ్యవలెను గాని మందియ్యరాదు.

పాడేరు 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణము. ఇచట కలెక్టరు కచేరి కలదు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కలదు, ఆసుపత్రి కలదు. కాని కొండలలోనికి పోయినచో బండిబాట నిలిచిపోయి కాలిబాట మొదలగు పల్లెలు నేటికిని కలవు. నిండుచూలాలిని, జ్వరపీడితుని డోలీలో మోసికొని వచ్చుటను మీరు పత్రికలలో చూచియుందురు. చూచి అయ్యో యనియుందురు. రోగికి డోలీ కొన్నిదినముల కష్టము. ప్రసవించిన స్త్రీ కొంతకాలమునకు తన కాళ్లపై నడచును. నడువలేనివానికి మాత్రము జీవితమంతయు డోలీయే. సంతకు పోవలెనన్నను, మోదకొండమ్మ జాతర చూడవలెనన్నను ఆతడు పరుల భుజములను యాచింపవలెను. ఆ భుజములు కాఫీతోటకో యడవికో పోయిన దినమున అరుగు మీదనే యుండిపోవలెను.

నా యెఱుకలో నిట్టి యువకు డొకడు కలడు. చదువుకొన్నవాడు, చిన్ననాటనే కాళ్లు చచ్చుబడినవి. ఒక శిబిరములో ఆతనికి మూడుచక్రముల బండి నిచ్చిరి, ఫోటో తీసిరి. ఊరికి పోవు కాలిబాటలో రాళ్లును వాగును ఉండుటచే ఆ బండి క్రిందనే, రోడ్డుప్రక్కనున్న బంధువుల పాకలో నిలిచిపోయినది. ఇప్పుడు దానిపై కోళ్లు నిద్రించుచున్నవి. నేనును అందరివలెనే ధైర్యము చెప్పబోయితిని. ఆతడు నావంక చూచి, “మాస్టారూ, బండి ఇచ్చారు గాని తోవ ఇవ్వలేదు. ఓర్పు తోవ వేస్తాదా?” అనెను. ఇరువదియేండ్లుగా బాలురకు పాఠములు చెప్పుచున్న నేను ఆ దినమున మాఱుపలుకలేక తిరిగి వచ్చితిని.

కొండలలో సౌకర్యములు అసాధ్యమని చెప్పువారు కలరు. వారికి నా ప్రత్యుత్తరము పింఛనే. ఈ రాష్ట్రమున 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెరిగినది. సచివాలయోద్యోగి దానిని నెల మొదట ఇంటికే తెచ్చి యిచ్చుచున్నాడు. ఇది మెచ్చదగిన పని; నేనును మెచ్చుచున్నాను. పింఛనులపై ననుమానము కలిగినప్పుడు, 2025 జనవరిలో, మంచము పట్టినవారిని పరీక్షించుటకు వైద్యబృందములు వారి యిండ్లకే పోయెను. అనగా సొమ్ము కొండ నెక్కగలదు, అనుమానమును ఎక్కగలదు. మరి బండి బాగుచేయువా డేల యెక్కడు? అవయవములకు వ్యాయామము నేర్పువా డేల యెక్కడు? పుస్తక మేల యెక్కదు? స్నేహితు డేల యెక్కడు? మనకు శక్తి లేక కాదు. ఆతనికి తిండి చాలును, తక్కిన వక్కఱలేదని మనము లోలోపల నమ్ముటచేతనే.

చట్టము అట్లు నమ్ముట లేదు. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను మాత్రమే గుర్తించెను. 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించి, సంఘమధ్యమున జీవించుట వికలాంగుల హక్కని చెప్పినది. 2024 నవంబరు 8న సర్వోన్నత న్యాయస్థానము రాజీవ్ రతూరీ వ్యాజ్యములో, సౌకర్యముల విషయమున ఇష్టమున్న పాటించు సూచనలు చాలవనియు, తప్పక పాటింపవలసిన నియమములు చేయవలెననియు తీర్పు చెప్పెను. 2011 జనాభా లెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులుండగా, వారిలో 1 కోటి 86 లక్షలమంది పల్లెలవారే. అయినను సౌకర్యమనగానే మనకు తోచునది కచేరిమెట్ల ప్రక్కనున్న వాలుబాట. కచేరివరకు రాలేనివానికి వాలుబాట యెందులకు? వికలాంగుడన్న మాట కటువని దివ్యాంగుడంటిమి. పేరునకు దివ్యత్వము వచ్చినది, కాలిబాటకు రాలేదు.

ధైర్యోపదేశకులు గిడుగు రామమూర్తి పంతులుగారిని చూపుదురు. పర్లాకిమిడిలో నుపాధ్యాయులైన ఆయన, సవరల భాష నేర్చుటకై ఈ తూర్పుకనుమల యుత్తరభాగమున తిరిగి, మలేరియా తగిలి, క్వినైను సేవించి వినికిడి గోల్పోయిరి. అయినను 1931లో సవరభాషను బోధించు గ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. అది ధైర్యమే, కాదనను. కాని కథలో సగమును విడువకుడు. ఆయనకు పని యుండెను. ఆ పనిని ప్రభుత్వము గౌరవించి ముద్రించెను. కుమారులు సీతాపతిగారు పనిలో తోడుండిరి. వాదించుటకు వైరిపండితులు సైతము కావలసినంతమంది యుండిరి! చెవులు పోయినను ఆయనకు సంఘము పోలేదు. అష్టావక్రుని కథయు నిట్టిదే. ద్వారపాలకు డడ్డగించినను తుదకు జనకుని సభాద్వారము తెఱవబడుటచేతనే యాతని విద్య లోకమునకు తెలిసెను.

ఇక మన యిండ్ల మాట. ప్రభుత్వమును నిందించి చేతులు కడుగుకొనుట సులభము. పెండ్లిచూపులకు వచ్చువారి కంటబడకుండ ఆ బిడ్డను లోపలిగదిలో కూర్చుండబెట్టునది ప్రభుత్వము కాదు. పేరు విడిచి కుంటివాడని, గ్రుడ్డిదని పిలుచునది ప్రభుత్వము కాదు. ఇట్టి యాడుబిడ్డకు చదువెందుకనునది ప్రభుత్వము కాదు. కొండపల్లెవారు కనీసము భుజము నిత్తురు. మైదానమందలి చదువరులమైన మనము మేడమీద గది నిచ్చి తలుపు వేయుదుము.

చేయవలసినది చెప్పెదను. ఏ పల్లెలో నడువలేనివారు కలరో ఆ పల్లెబాటనే ముందుగా వేయవలెను. వైకల్యపరీక్ష చేయు వైద్యులును, పరికరములు బాగుచేయువారును నెలకొకసారి యైనను సంతలకు రావలెను. సంతకు రాలేనివారి యిండ్లకు పోవలెను. ఊరివారు కూడి మాటలాడునప్పుడు ఆతని యరుగు ముందరనే కూడవలెను. కాఫీగింజ లేరుట, అడ్డాకుల విస్తళ్లు కుట్టుట, పొదుపుసంఘపు లెక్కలు వ్రాయుట మొదలగు పనులలో ఆతనికి వంతును, కూలియు నుండవలెను. ఇవి దయాకార్యములు కావు, బాకీ తీర్చుట.

ఆ యువకుడును నేనును కలిసి దారికొఱకు అర్జీ వ్రాసితిమి. దారి యింకను పడలేదు. ఆతడు మాత్రము సాయంకాలములందు ఊరిపిల్లలకు లెక్కలు చెప్పుచున్నాడు; పలకలు, పుస్తకములు నేను మోసికొని పోవుచున్నాను. ఏటవాలుబాటలో ఆయాసపడుచు ఎక్కునప్పుడెల్ల ఆతని మాట జ్ఞాపకము వచ్చును. ఆతని విసుగు తగ్గలేదు, నాకును అంటినది. అది మీకును అంటవలెననియే యీ వ్యాసము.