గురుదంపతులును కొండబడులును

భార్యాభర్తలిరువురును బడిపంతుళ్లైన కుటుంబములు మన ఉత్తరాంధ్రమున నేడు పెక్కు కలవు. బదిలీలలో వారొకరికొకరు చేరువగా నుండుటకై ప్రభుత్వము ప్రత్యేక పాయింట్లిచ్చుచున్నది. ఇది న్యాయమే, సంసారమును చీల్చి చదువును నిలుపజాలము. కాని యీ సదుపాయము పంతుళ్ల నెటు నడుపుచున్నది? ఒకరు శ్రీకాకుళములో నుండిన, రెండవవారు సీతంపేట కొండలు దిగి యిటే చేర జూచుట సహజము. కాపురము కుదురును, 2022లో పార్వతీపురం మన్యము జిల్లాలో చేరిన ఆ కొండలపై సవరబిడ్డల చదువు చెదరును.

1880లో పర్లాకిమిడి బడిలో పనికి చేరిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చిరి. అందు వాచకములు కూర్చిరి. స్వంత వ్యయముతో సవరలకు బడులు నడిపిరి. అట్టి పని ప్రొద్దున వచ్చి సాయంకాలము పోవు పంతులు వలన నగునా? ఊర కాపురముండిననే గాని పిల్లల మాట చెవి కెక్కదు.

కావున మా సూచన యిది. ఒకే కొండబడినిగాని, ఇరుగుపొరుగు కొండబడులనుగాని కోరు దంపతులకు పాయింట్లు రెట్టింపు చేయవలెను. అచ్చటనే యిల్లు కట్టి యీయవలెను. పంతులమ్మ యూరిలోనే యుండిన, ఆడపిల్లను బడికంపుటకు తల్లి జంకదు. పంతుళ్లనుండి త్యాగమును కోరు ప్రభుత్వము ముందుగా వారికి తలదాచుకొను చోటు చూపవలెను.