మందు ఊరుమ్మడి సొత్తు

పత్తికొండ పేరు దేశచరిత్రమున నొక మరణమువలన నిలిచినది. 1827వ సంవత్సరము జూలై 6వ తేదిని చెన్నరాజధాని గవర్నరగు సర్ థామస్ మన్రో యీ యూర కలరా సోకి మృతినొందెను. పరివారము వెంటనుండెను, అధికారమునకు కొదువలేదు. అయినను గవర్నరునకును బాటప్రక్క కూలికిని ఆ రోగము భేదము చూపలేదు. ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువా రిచ్చట మెట్లబావిని కట్టించి చెట్లతోపు నాటించిరి. కలరా నీటిమూలమున వ్యాపించునని నాటివా రెఱుగరు.

నేడు మన మెఱుగుదుము. కలరాను కలిగించు సూక్ష్మక్రిమి నెఱుగుదుము. అట్టి క్రిములను చంపు ఆంటీబయాటిక్కులను గూడ నెఱుగుదుము. ఈ మందులు రాకమునుపు బాలింతకు సోకిన జ్వరము, పసిబిడ్డ కూపిరితిత్తులలో చేరిన వాపు, కాలిలో విరిగిన ముల్లు సైతము ప్రాణాంతకములగుచుండెను. ఇట్టి మహోపకారమును మనము చేజేతుల పాడుచేసికొనుచున్నాము. పాడుచేసిన దోషమంతయు పామరజనులపై మోపి విద్యావంతులును పాలకులును చేతులు దులుపుకొనుచున్నారు. ఇది న్యాయము కాదని చెప్పుటకే యీ వ్యాసము.

మొదట నీ మందులు పనిచేయు విధమును తెలిసికొందము. బాక్టీరియా యనునది ఏకకణజీవి. దానిచుట్టు సాధారణముగా కోటగోడవంటి గోడ యుండును. మన శరీరకణములకు అట్టి గోడ లేదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు ఒక బూజునందు కనుగొన్న పెన్సిలిన్ ఆ గోడను కట్టనీయదు. గోడ చెడిన క్రిమి పగిలి చచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు నడపిన అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో డగ్గరు పండితుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను తీసెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఈ మందు, క్రిమి తనకు వలయు మాంసకృత్తులను తయారుచేసికొను పనిని నిలిపివేయును. సిప్రోఫ్లాక్సాసిన్ అనునది క్రిమియొక్క జన్యుపదార్థము రెండింతలగుటకు అడ్డుపడును. మందు లెన్నియైనను మర్మ మొక్కటే: మనకు లేనిదియు, క్రిమికి ఉన్నదియు నగు భాగమును చూచి కొట్టుట. జలుబును, ఫ్లూజ్వరమును, డెంగ్యూను కలిగించు వైరసులకు ఆ గోడయు లేదు, ఆ యంత్రములును లేవు. వానిపై నీ మందులను ప్రయోగించుట గోడ లేనిచోట గడ్డపాఱ దింపుటయే.

ఇక క్రిములు మందునకు లొంగకపోవు టెట్లు? “మా యొడలు ఈ మందునకు అలవాటుపడినది” అని జనులందురు. మొండిబడునది ఒడలు కాదు, క్రిమి. అనుకూలస్థితిలో కొన్ని క్రిములు ఇరువది నిమిషముల కొకమాఱు రెండింతలగును. ఆ కోట్లలో ఏ యొకదానియందో జన్మతః చిన్న మార్పు కలుగును. ఒకటి మందును త్రుంచు ద్రవ్యమును పుట్టించును. ఒకటి లోనికి వచ్చిన మందును బయటికి తోడివేయును. మఱియొకటి మందు తగులు చోటునే మార్చుకొనును. మందు పడినంతనే లొంగునవి చచ్చును. లొంగనివి మిగిలి, పైరు పోయి కలుపు నిలిచిన చేనివలె, ఆ తావునంతయు ఆక్రమించును. అంతటితో నాగక, ఆ శక్తిగల జన్యుఖండములను ఒకజాతి క్రిమి మఱియొకజాతి క్రిమికి అందియ్యగలదు. మందు క్రిమికి శక్తిని నేర్పదు. శక్తిగలదానిని ఏఱి పెంచును.

ఇది నిన్నటిదాక తెలియని రహస్యము కాదు. పెన్సిలిన్ విరివిగా వాడుకలోనికి రాకమునుపే, 1940లో, దానిని త్రుంచు ద్రవ్యమును ఏబ్రహామ్, చెయిన్ అను శాస్త్రజ్ఞులు క్రిములయందు కనిపెట్టిరి. 1945లో నోబెల్ బహుమానము నందుకొన్నపుడు ఫ్లెమింగే, చాలీచాలని మోతాదు క్రిములను మొండివానిగా చేయునని హెచ్చరించెను. 2019వ సంవత్సరమున లొంగని బాక్టీరియాల మూలమున లోకమందు సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అంచనా చెప్పుచున్నది. ఇక తెలియక చెడితిమనుటకు వీలెక్కడిది?

ఒకడు తలనొప్పిమాత్రను అకారణముగా మ్రింగినచో నష్టము వానిది. ఆంటీబయాటిక్ అట్టిది కాదు. ఒకని కడుపులో మొండిబడిన క్రిమి పొరుగువాని బిడ్డకు సోకును. మన సీమలో చెరువునీటికి వంతులు కలవు. ఒకడు రాత్రివేళ దొంగతనముగా తూమెత్తిన వానిమడి యొకటి తడియును, ఊరి మళ్లన్నియు ఎండును. ఈ మందుల శక్తియు అట్టి ఊరుమ్మడి సొత్తే. దానిని అంగడిసరుకుగా విడిచిపెట్టుటయే మన మూలదోషము.

పల్లెలో జ్వరము వచ్చినవానికి ఆరెంపీ వైద్యుడు పరీక్షలేకయే సూది వేయుచున్నాడు. దుకాణదారుడు రెండు పూటలకు చాలు మాత్రలిచ్చి పంపుచున్నాడు. దీనిని చూచి పట్టణవాసులు “మూఢులు, చెప్పిన వినరు” అని యాక్షేపింతురు. అయ్యా! సుగ్గికి పోయి పొట్టపోసికొను కూలివాడు, ఒకదినము పని మానిన పొయ్యి వెలుగనివాడు, కర్నూలు పెద్దాసుపత్రికి పోయి పరీక్షాఫలితముకొఱకు కాచికొని యుండగలడా? కర్నూలున 1957లోనే వైద్యకళాశాల వెలసినది. చదివిన వైద్యుడు మాత్రము పల్లెపల్లెకును రాలేదు. పిలిచిన పలుకువాడు గనుకనే సూదివేయువాడు వానికి దేవుడైనాడు. అజ్ఞానము లేదనము. కాని తుమ్ము రెండుమాఱులు వచ్చినంతనే చీటిలేక అజిత్రోమైసిన్ కొనితెచ్చుకొనువారిలో పట్టభద్రులు లేరా?

పెద్దల దోషము లింతకంటె పెద్దవి. 2014 మార్చి 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన హెచ్ 1 షెడ్యూలు ననుసరించి, అందు చేర్చిన ఆంటీబయాటిక్కులను చీటిలేనిదే అమ్మరాదు. వైద్యునిపేరు, రోగిపేరు, మందుపేరు, పరిమాణము ప్రత్యేకపుస్తకమున వ్రాసి మూడేండ్లు దాచవలెను. శాసనము మంచిదే, ఆ పుస్తకమును విప్పిచూచువారు కావలెనుగదా! హైదరాబాదు చెంత పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారముల మురుగు చేరు శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి నెత్తుటనుండు పరిమాణముకంటె నది మిక్కుటము. రోగికి తుదియుపాయముగా మిగిలిన కొలిస్టిన్‌ను కోళ్లకు పెట్టరాదని ప్రభుత్వము శాసించినది 2019లో మాత్రమే. మాత్ర సగములో మానిన కూలివానిని నిందించుటకు ముందు ఈ లెక్క చూడుడు.

క్రొత్తమందులు వచ్చునుగదా యని కొందఱందురు. వచ్చుగాక! వానికిని ఇదే గతి. పైగా, కొలదిదినములు వాడి మానవలసిన మందున లాభము తక్కువయని పెద్ద కంపెనీలు పెక్కు ఈ పరిశోధనమునే విడిచినవి.

రోగము రానీయకుండుట మొదటి చికిత్స. శుభ్రమైన నీరున్న యూర విరేచనములకు మందు వెదకు పని తగ్గును. వచ్చినను ఆంటీబయాటిక్కే శరణ్యము కాదు. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని త్రాగించి, నూటికి ముప్పదివఱకు నుండిన కలరా మరణములను నాలుగింటికి లోపుగా దించెను. ప్రతిపల్లెకు మంచినీరు, ప్రతి మండలపు ఆసుపత్రిలో వైద్యుడును పరీక్షాశాలయు, ఆరెంపీలకు హద్దు తెలిపెడి శిక్షణము, దుకాణపు పుస్తకమునకు తనిఖీ, కర్మాగారపు మురుగునకు కట్టడి: ఇవి ప్రభుత్వమునుండి మనము బిచ్చముగా గాక హక్కుగా అడుగవలసినవి.

మన వంతును కలదు. చీటి లేనిదే కొనరాదు. వైద్యుడు చెప్పినన్ని దినములకు తక్కువయు, ఎక్కువయు వాడరాదు. మిగిలిన మాత్రలను ఇరుగుపొరుగువారికి పంచరాదు. వైరసు జ్వరమునకు సూది వేయుమని వైద్యుని వేధింపరాదు. తాతలు త్రవ్వించిన చెరువును పూడ్చుకొన్నవారు మఱియొకటి త్రవ్వుకొనవచ్చును. పోగొట్టుకొన్న మందుశక్తిని తిరిగి సంపాదించుట అంత సులభము కాదు.