హీటర్ కోర్ కారితే మార్చాల్సిందే

పాత కారులో హీటర్ కోర్ (లోపలికి వెచ్చని గాలినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోందంటే ‘మన ఎండలకు హీటరెందుకు?’ అని కొట్టిపారేసేవారే ఎక్కువ. అది సగం నిజమే. చాలా కార్లలో హీటర్ వాడకపోయినా కూలెంట్ ఆ కోర్ గుండా తిరుగుతూనే ఉంటుంది. కాళ్ల దగ్గర కార్పెట్ తడి, తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు పొర లీకుకు ఆనవాళ్లు. కూలెంట్ తగ్గి ఇంజిన్ వేడెక్కితే హెడ్ గాస్కెట్‌కే ముప్పు.

డాష్‌బోర్డు విప్పాలి, కూలి ఎక్కువన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ దానికి బదులు వాడే లీకు మూసే పొడి రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుపోవచ్చు. హోసులు కలిపేసి కోర్‌ను తప్పించడం తాత్కాలిక ఉపాయమే. లంబసింగి చలిలో అద్దంపై ఆవిరి పోవాలంటే వెచ్చని గాలి కావాలి. కారును ఇంకొన్నేళ్లు నడపదలిస్తే కోర్ మార్పించండి, పనిలో పనిగా పాత హోసులు కూడా.