ఒకే గడప, అన్ని వయసులు
దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభకు స్త్రీల సంస్థగానే పేరు వచ్చినా, దాని సేవ స్త్రీల దగ్గరే ఆగిందనుకోవడం పొరపాటు. కొన్నేళ్ల పాఠాలను కొద్దికాలంలో చెప్పి బెనారస్ మెట్రిక్యులేషన్‌కు కూర్చోబెట్టిన తరగతులు, అంటే తర్వాత సంక్షిప్త కోర్సులుగా పేరుపడిన పద్ధతి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను ఆదుకోగా, క్రమంగా ఆ సంస్థ నీడలోకే కాన్పుకు వచ్చిన తల్లి, పోలియో సోకి కాలిపర్లతో, అనగా కాళ్లకు ఊతంగా తొడిగే చట్రాలతో, అడుగులు నేర్చుకునే బిడ్డ, నడివయసులో పలక పట్టిన పెద్దలూ చేరారు. ఇప్పటి విరాళాలు మాత్రం శిశువులకొక పద్దు, వృద్ధులకొక పద్దు అంటూ మనుషులను వయసులవారీగా విడదీస్తున్నాయి (లెక్కలకు అదే సులువు మరి). సాయం కావలసింది ఇంటిల్లిపాదికీ కనుక, దాతలు ఈ పద్దుల పట్టుదలను సడలించాలి.